యూరిన్ బ్యాగుతో పదమూడు రోజులు

మూత్రం గురించి పైకి మాట్లాడుకోవడం మా ఇంటా వంటా లేదు. ఆ మాట్లాడకపోవడం వల్లే కిందటేడు మిరప కోతల రోజుల్లో నా ప్రాణం మీదికి వచ్చింది. ఇప్పుడు బాగున్నాను. పొద్దున్నే నడికుడి స్టేషను దాకా నడిచివెళ్లి, టీ తాగి, మళ్లీ నడిచే వస్తున్నాను. ఒంట్లో నెమ్మదిగా ఉంది, మనసులోనూ నెమ్మదిగా ఉంది. నాలాగే ఆపరేషన్ చేయించుకుని గొట్టంతో ఇంటికి వచ్చేవాళ్లకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాస్తుంటే నాకూ కొంత తేలిక పడుతోంది.

నేను రైల్వేలో కీమ్యాన్‌గా ముప్పై మూడేళ్లు పనిచేశాను. రోజూ పట్టాల వెంట నడుస్తూ, ఊడిన కీలు సుత్తితో బిగిస్తూ పోవడం నా పని. అంత నడిచిన మనిషిని కాబట్టి నాకు జబ్బు చేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. రిటైరైన నాలుగేళ్లకు మూత్రం దగ్గర ఇబ్బంది మొదలైంది. ఎంతసేపు నిలబడినా సరిగ్గా వచ్చేది కాదు. ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చివరికి నా భార్య అంజమ్మ కనిపెట్టి, సిమెంటు ట్యాంకరు నడిపే మా అబ్బాయి శ్రీనుకు చెబితే, వాడు నన్ను నరసరావుపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ప్రొస్టేట్ వాచిందనీ ఆపరేషన్ చెయ్యాలనీ డాక్టరుగారు అన్నారు.

సోమవారం ఆపరేషన్ జరిగింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నడుం దగ్గర సూది వేశారు, కాళ్లు నావి కానట్టయ్యాయి, అంతే. కళ్లు తెరిచి చూస్తే మూత్రనాళంలో గొట్టం, మంచం పక్కన కొక్కేనికి వేలాడుతూ ప్లాస్టిక్ బ్యాగు. అందులో ఎర్రగా నీళ్లు. రెండు రోజులకు ఆ ఎరుపు తగ్గింది.

గురువారం ఇంటికి పంపించారు. గొట్టం ఇంకో వారం ఉంచుకుని, మళ్లీ వస్తే తీసేస్తామన్నారు. శ్రీను ట్యాంకరుకు లోడు ఎక్కించుకుని ఒంగోలు వైపు పోయాడు. అంజమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. అందుకని నన్ను తీసుకురావడానికి మా కోడలు శ్రీలక్ష్మి వచ్చింది. గురజాల దగ్గరి పల్లెటూరి పిల్ల. పుట్టింటివాళ్లది మిరప సేద్యం. మా ఇంటికి వచ్చి ఆరేళ్లయినా ఆ అమ్మాయి నాతో మాట్లాడిన మాటలు తక్కువ. "అన్నం పెట్టమంటారా మావయ్యా", "మందు వేసుకున్నారా మావయ్యా", అంతవరకే. నేనూ అంతకు మించి మాట్లాడలేదు. మా ఇళ్లలో మామా కోడళ్ల తీరు అదే.

ఇంటికి బయల్దేరే ముందు కరుణ అనే సిస్టర్ వచ్చి, "తాతా, ఈ గొట్టం సంగతి చెప్తా, ఇద్దరూ వినండి" అని నా పంచె పక్కకు జరపబోయింది. కోడలు పక్కనే నిలబడి ఉంది. నాకు ఒళ్లంతా చెమట పట్టింది.

"అమ్మాయ్, నువ్వెళ్లి మందులు ఇచ్చారేమో చూడు" అన్నాను.

"తెచ్చాను మావయ్యా, ఇవిగో."

"అయితే కారు వచ్చిందేమో చూడు."

శ్రీలక్ష్మి సిస్టర్ మొహంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయింది. సిస్టర్ ఏదో చెప్పింది. బ్యాగు గురించి, నీళ్ల గురించి, జ్వరం గురించి. నేను "సరే సరే" అంటూ తలూపాను. ఎంత త్వరగా ఆ పంచె మళ్లీ కప్పుతుందా అన్న ధ్యాస తప్ప నాకు ఇంకోటి లేదు. ఒక్క ముక్కా బుర్రలోకి ఎక్కలేదు.

ఇంటి దగ్గర వసారాలో నా మంచం. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఉంటారు. అందరికీ కనిపించేలా ఆ బ్యాగు వేలాడితే నేను తలెత్తుకోలేను. అందుకని బ్యాగు తీసి మంచం మీదే నా పక్కన పెట్టుకుని, మీద తువ్వాలు కప్పాను. గొట్టం కనపడకుండా తొడ కిందికి దోపాను. పక్కింటి వెంకటేశ్వర్లు వచ్చి, "ఏం ఆపరేషన్ బావా?" అని అడిగితే "హెర్నియా" అన్నాను. అంజమ్మ లోపలినుంచి విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బ్యాగు నిండితే అంజమ్మ ఒంపేది. ఆమె నొప్పులతో వంగలేక అవస్థ పడుతుంటే శ్రీలక్ష్మి, "నేను తీస్తా అత్తయ్యా" అని వచ్చింది. నేను కసురుకున్నాను. "నీకెందుకమ్మా, మీ అత్త చూసుకుంటుందిలే" అన్నాను. ఆ తర్వాత నాకు ఒక ఉపాయం తోచింది. నీళ్లు తాగడం తగ్గిస్తే బ్యాగు నిండదు, ఎవరికీ పని ఉండదు. గురువారం సాయంత్రం నుంచి గొంతు తడుపుకోవడానికి తప్ప నీళ్లు తాగలేదు. మజ్జిగ ఇస్తే సగం తాగి పక్కన పెట్టేవాణ్ణి.

శుక్రవారం నాటికి బ్యాగులో నీళ్లు చిక్కగా, మబ్బుగా మారాయి. అంజమ్మ ముక్కు మూసుకుని, "ఏందయ్యా ఈ వాసన? నిన్న ఇట్టా లేదే" అంది.

"మందుల వాసనే, ఊరుకో" అన్నాను.

శనివారం పొద్దున లుంగీ తడిగా అనిపించింది. గొట్టం పక్కనుంచి కారుతోంది. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. ఆపరేషన్ బాగా కుదిరిందనీ, గొట్టం అవసరం లేకుండానే దారి తెరుచుకుందనీ అనుకున్నాను. లుంగీ మార్చుకుని తడిది బాత్‌రూమ్‌లో మూలకు పడేశాను. మధ్యాహ్నానికి రెండోదీ తడిసింది. పొత్తికడుపు డోలు చర్మంలా బిగుసుకుని నొప్పిగా ఉంది. కుట్ల నొప్పి అనుకున్నాను. నాకు చేసిన ఆపరేషన్‌లో పైన కుట్లే లేవన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

మూడింటికి చలి మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోయింది. అంజమ్మ భయపడి ఊళ్లో ఉండే ఆర్‌ఎంపీని పిలిపించింది. ఆయన నాడి చూసి, "ఊరంతా ఇదే జ్వరం పెదనాన్నా" అని ఇంజెక్షన్ చేసి బిళ్లలు ఇచ్చి వెళ్లాడు. ఆయన తప్పేమీ లేదు. ఆపరేషన్ ఏందని ఆయన అడిగినా నేను హెర్నియా అనే చెప్పాను. గొట్టం తువ్వాలు కిందే ఉంది.

ఆదివారం పొద్దున జరిగింది నాకు గుర్తులేదు. ఇక్కడ రాస్తున్నది అంజమ్మా శ్రీలక్ష్మీ తర్వాత చెప్పినది. ఎనిమిది గంటలప్పుడు నేను మంచం మీద లేచి కూర్చుని, నా సుత్తి ఎక్కడ పెట్టారని అడిగానట. గూడ్సు వచ్చే వేళైంది, డ్యూటీకి పోవాలన్నానట. అంజమ్మ నవ్వులాటకు అంటున్నాననుకుంది. "నీకు రిటైరై ఐదేళ్లయింది గదయ్యా" అంటే, ఆమె మొహంలోకి చూసి "మీరెవరమ్మా?" అన్నానట. నలభై ఏళ్ల కాపురంలో అంజమ్మ అంతగా ఎప్పుడూ భయపడలేదట. వసారా గుమ్మంలో అలాగే కూలబడిపోయింది.

ఆ సమయంలో శ్రీలక్ష్మి బాత్‌రూమ్‌లో బట్టలు నానబెడుతోంది. మూలన తడి లుంగీలు నాలుగు కనిపించాయి. చేతికి తీసుకుని వాసన చూసింది. ఒక్క క్షణం ఆలోచించి, చేతులు తుడుచుకోకుండానే వసారాలోకి వచ్చింది.

"అత్తయ్యా, నిన్న బ్యాగు ఎప్పుడు ఒంపారు?"

"నిన్న పొద్దున. ఆ తర్వాత నిండలా. నీళ్లు తాగట్లేదు గదా."

"నాలుగు లుంగీలు తడిశాయి. బ్యాగు మాత్రం నిండలా. అదెట్టా అత్తయ్యా?"

అంజమ్మకు అర్థం కాలేదు. శ్రీలక్ష్మి నా మంచం దగ్గరికి వచ్చి, ఎవరినీ అడగకుండా, తువ్వాలు తీసి పక్కన పడేసింది. బ్యాగు అడుగున కాసింత చిక్కటి నీళ్లు. గొట్టం తొడ కింద మడతపడి ఉంది. మడత సరిచేసి చూసినా చుక్క దిగలేదు. గొట్టం లోపల నల్లగా గడ్డలాంటిది కనిపించింది.

"గొట్టం పూడింది అత్తయ్యా. మా చేలో డ్రిప్పు పైపు పూడితే ఇంతే. మొక్క దగ్గర చుక్క రాదు, జాయింటు దగ్గర మాత్రం చిమ్ముద్ది. నీళ్లన్నీ లోపలే నిలబడి ఉన్నయ్. మావయ్యకు జ్వరం ఇందుకే."

డాక్టర్లు పుస్తకాల్లో చదివే సంగతిని ఆ అమ్మాయి పుట్టింటి మిరప చేలో నేర్చుకుంది. అంజమ్మ ఈ మాటలు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

శ్రీలక్ష్మి మందుల చీటీ మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తింది కరుణ సిస్టరే. జ్వరం, చలి, గొట్టం పక్కనుంచి కారడం, బ్యాగులోకి రాకపోవడం, మనిషి మతి తప్పి మాట్లాడడం అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. సిస్టర్ అంతా విని, "ఇంక ఇంటి దగ్గర ఏం చెయ్యొద్దమ్మా. గొట్టాన్ని మీరు లాగొద్దు. బ్యాగు నడుం కన్నా కిందకి పెట్టి వెంటనే తీసుకురండి" అంది. వెంకటేశ్వర్లు కారు తీశాడు. శ్రీలక్ష్మి వెనక సీట్లో నా పక్కన కూర్చుని, దారి పొడవునా ఒక చేత్తో నన్నూ ఇంకో చేత్తో బ్యాగునూ పట్టుకుని ఉందట. పిడుగురాళ్ల దాటాక నేను ఆ అమ్మాయిని మా అమ్మ అనుకుని "అమ్మా, చలేస్తోందే" అన్నానట. "వచ్చేశాం, వచ్చేశాం" అని ఊరడించిందట.

నాకు మళ్లీ గుర్తున్నది ఆసుపత్రి గది. పెద్ద సిరంజితో సిస్టర్ గొట్టంలోకి నీళ్లు పంపి లాగుతోంది. దానికి దారి దొరకలేదు. డాక్టరుగారు వచ్చి పాత గొట్టం తీసి కొత్తది పెట్టారు. అంతే, బ్యాగులోకి ధారగా దిగడం మొదలైంది. ఆ హాయి ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఎండలో మైళ్ల కొద్దీ నడిచి బరువు దించుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. అవన్నీ కలిపినా దీనికి సరిపోవు. నా కళ్లవెంట నీళ్లు కారాయి. సిస్టర్ నొప్పి అనుకుని, "అయిపోయింది తాతా, అయిపోయింది" అంది.

డాక్టరుగారు శ్రీలక్ష్మితో మాట్లాడడం వినపడింది. ఇన్‌ఫెక్షన్ మూత్రం నుంచి రక్తంలోకి ఎక్కుతోందనీ, ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమనీ అన్నారు. "నువ్వు నర్సింగ్ చదివావా అమ్మా?" అని అడిగారు. "ఇంటర్ ఆపేశాను సార్" అంది.

సోమవారం సాయంత్రం శ్రీను వచ్చాడు. ట్యాంకరు యార్డులో పెట్టి, స్నానం కూడా చెయ్యకుండా నేరుగా వార్డుకే వచ్చాడు. సెలైన్ బాటిల్, నా మొహం చూసి వాడికి ఏడుపు వచ్చింది. ఏడవడం చేతగాక కోపం తెచ్చుకున్నాడు.

"ఇంట్లోనే ఉండి ఏం చూస్తున్నావే? మూడ్రోజులు మనిషి నీ కళ్ల ముందే పడి ఉంటే తెలవలేదా?" అని శ్రీలక్ష్మి మీద అరిచాడు. వార్డంతా తిరిగి చూసింది.

శ్రీలక్ష్మి బ్యాగు ఒంపే మగ్గు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నేను కసురుకున్న సంగతి, ఆసుపత్రిలో నేను బయటికి పంపేసిన సంగతి చెబితే తన తప్పు లేదని తేలిపోతుంది. కానీ చెప్పలేదు. నా పరువు కాపాడుతోందని నాకు అర్థమైంది. మంచం మీద పడుకున్న నాకు సిగ్గంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"ఒరేయ్ శ్రీనూ, ఇట్టా రా" అన్నాను. "అరవబాకు. తప్పంతా నాది. సిస్టర్ చెప్తుంటే ఆ అమ్మాయిని నేనే బయటికి పంపా. బ్యాగు తీస్తానంటే కసురుకున్నా. తువ్వాలు కప్పి దాచుకున్నా. నీళ్లు మానేశా. ఆపరేషన్ హెర్నియా అని ఊరందరికీ అబద్ధం చెప్పా. నీ భార్య లేకపోతే నువ్వొచ్చేసరికి నేను ఉండను."

శ్రీను నా మాటలు పూర్తిగా విన్నాడు. తర్వాత శ్రీలక్ష్మి చేతిలోని మగ్గు తీసుకుని కడుక్కొచ్చాడు. వాడికి తెలిసిన క్షమాపణ అదే. ఆ పూట క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చి ముందు ఆ అమ్మాయికే పెట్టాడు.

పక్క మంచం మీద యాదగిరి అని కృష్ణా నది అవతల మిర్యాలగూడ వైపు మనిషి. ఆయనదీ ఇదే ఆపరేషన్. జరిగిందంతా విని, "ఏం రంది పెట్టుకోకు అన్నా. నేను గూడ మా ఇంట్ల కిడ్నీల రాయి అని చెప్పిన" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే గొట్టం దగ్గర నొప్పి పుట్టింది, అయినా నవ్వు ఆగలేదు. ఆయనకు అప్పటికే రెండుసార్లు గొట్టం తీసి చూశారట. మూత్రం రాక రెండుసార్లూ మళ్లీ పెట్టారట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

మంగళవారానికి జ్వరం దిగింది. బుధవారం కరుణ సిస్టర్ మళ్లీ గొట్టం సంగతి చెప్పడానికి వచ్చింది. ఈసారి శ్రీలక్ష్మిని నేనే పిలిచి పక్కన కూర్చోబెట్టాను. బ్యాగు ఎప్పుడూ నడుం కన్నా కింద ఉండాలి, నేలకు తగలకూడదు. గొట్టం మెలిపడకూడదు. డాక్టరు వద్దంటే తప్ప నీళ్లు దండిగా తాగాలి. ముట్టుకునే ముందూ ముట్టుకున్నాకా చేతులు కడుక్కోవాలి. బ్యాగులోకి రావడం ఆగినా, పక్కనుంచి కారినా, పొత్తికడుపు బిగుసుకున్నా, రంగు మబ్బుగా మారి వాసన వచ్చినా, ఎర్రగా గడ్డలు పడినా, చలిజ్వరం వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా ఫోన్ చెయ్యాలి. "పొద్దున చూద్దాంలే అనుకోవద్దు తాతా" అంది సిస్టర్. నాకు ఆరోజు ఒక్కో మాటా స్పష్టంగా వినపడింది. అవి కొత్త మాటలు కావు. ఆరు రోజుల కిందట సరే సరే అన్న మాటలే.

గురువారం ఇంటికి వచ్చాను. బ్యాగు మంచం పట్టెకు అందరికీ కనపడేలా వేలాడింది. వెంకటేశ్వర్లు వచ్చి దానివంక చూసి, "హెర్నియాకు గూడా ఇది పెడతారా బావా?" అన్నాడు. "ప్రొస్టేట్ ఆపరేషన్. నీకూ అరవై దాటింది, ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పు" అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, రెండేళ్లుగా తనకున్న ఇబ్బందంతా చెప్పుకొచ్చాడు.

శనివారం మళ్లీ ఆసుపత్రికి వెళ్తే గొట్టం తీశారు. తీయడం చిటికెలో పని. అసలు పరీక్ష ఆ తర్వాత. నీళ్లు తాగుతూ ఓపీ హాల్లో కూర్చోవాలి. మూడింటిలోగా మూత్రం దానంతటదే రావాలి. రాకపోతే మళ్లీ గొట్టమే. ఉదయం తొమ్మిదింటికి నేనూ, ఆరోజే మూడోసారి గొట్టం తీయించుకున్న యాదగిరీ పక్కపక్కన కుర్చీల్లో, చేతిలో చెరో నీళ్ల సీసాతో కూర్చున్నాం. హాలు నిండా జనం. ఎదురుగా టీవీ, దాన్ని ఎవరూ చూడటం లేదు. యాదగిరి భార్య ఒక మూల కళ్లు మూసుకుని ఏదో జపించుకుంటోంది.

పదకొండింటికి ఒకసారి వెళ్లాను, రాలేదు. పన్నెండింటికి వెళ్లాను, మంటే తప్ప ఇంకేం లేదు. తిరిగొచ్చి కూర్చున్నాను. ఇంక జన్మంతా గొట్టంతోనేనేమో అని గుబులు పుట్టింది. దూరంగా మందుల కిటికీ దగ్గర కూర్చున్న శ్రీలక్ష్మి లేచి వచ్చి, "కంగారు పడబాకండి మావయ్యా. కాసేపు అటూ ఇటూ నడవండి. మీకు నడకే గదా అలవాటు" అంది. హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడవడం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టలేదు. ఒంటిగంట దాటాక ఉన్నట్టుండి కడుపులో బరువు తెలిసింది. లోపలికి వెళ్లాను.

ముందు ఒక చుక్క. తర్వాత రెండు. ఆ తర్వాత ధార.

సిస్టర్ ఇచ్చిన కొలత మగ్గు చేత పట్టుకునే బయటికి వచ్చేశాను. హాల్లో ఎంతమంది ఉన్నారో కూడా చూడలేదు.

"అమ్మాయ్! వచ్చింది!" అని అరిచాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. శ్రీలక్ష్మి ఒక్క ఉదుటున లేచి నిలబడి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి పక్కవాళ్లూ నవ్వారు. కరుణ సిస్టర్ వచ్చి మగ్గులో గీత చూసి, "బాగుంది తాతా, ఇంక ఇంటికి పోవచ్చు" అంది.

శ్రీలక్ష్మి సంచి సర్దింది. కారు బయట ఉంది. యాదగిరి నాకేసి చూసి, "మంచిదన్నా, పోయి రా" అన్నాడు. మొహాన నవ్వు ఉంది కానీ సీసా పట్టుకున్న వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. అప్పటికి రెండు కావస్తోంది.

నేను శ్రీలక్ష్మి వంక చూశాను. ఆ అమ్మాయి సంచి మళ్లీ కుర్చీలో పెట్టింది. వెళ్లి యాదగిరి భార్య పక్కన కూర్చుంది. నేను యాదగిరి భుజం పట్టి లేపాను. ఇద్దరం ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడవడం మొదలుపెట్టాం. ఆయన వాళ్ల ఊరి గురించి చెప్పాడు, నేను పట్టాల గురించి చెప్పాను. మూడింటికి పది నిమిషాలుందనగా మాట మధ్యలో ఆపి, సీసా నా చేతిలో పెట్టి, గబగబా లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. ఆయన భార్య శ్రీలక్ష్మి చెయ్యి పట్టుకుంది.

లోపలినుంచి గొంతు వినపడింది.

"అన్నా! వచ్చిందే!"